గేమ్ ఆడితే ల్యాప్‌టాప్ 95 డిగ్రీలకు పోతోంది, 99 శాతం సెట్టింగ్ పెడితే ఆట ఈడుస్తోంది. మధ్యే మార్గం ఉందా?

ఉంది. ముందు ఆ 99 తీసేసి మళ్లీ 100 పెట్టండి. విండోస్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 99 చేస్తే తగ్గేది ఒక్క శాతం కాదు, చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో (అవసరమైనప్పుడు చిప్ మామూలు వేగం దాటి పరిగెత్తడం) మొత్తం ఆగిపోతుంది. 4 గిగాహెర్ట్జ్ దాటి పరిగెత్తే చిప్ 2.5 దగ్గర చతికిలబడుతుంది. సినిమాలకీ ఆఫీసు పనికీ అది సరిపోతుంది, ఆటకి సరిపోదు.

చిప్ తాగే కరెంటు వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీ × వోల్టేజీ) బట్టి పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 15 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి: 1.2 × 1.15 × 1.15, దాదాపు 1.59. అంటే 20 శాతం వేగం కోసం 59 శాతం ఎక్కువ వేడి! కోయాల్సింది ఆ చివరి ముక్కనే.

ఇంటెల్ చిప్ అయితే థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో టీపీఎల్ విండో తెరిచి పీఎల్1ను (చిప్ ఎక్కువసేపు తాగగల కరెంటు హద్దును) 45 వాట్ల నుంచి 5 చొప్పున దించండి. దించిన ప్రతిసారీ 20 నిమిషాలు ఆడి చూడండి. ఫ్రేములు (సెకనుకు ఆట గీసే బొమ్మలు) పడిపోకుండా 85 డిగ్రీల దగ్గర నిలిస్తే అక్కడ ఆపేయండి. పీఎల్2 (కాసేపటికి మాత్రం తాగగల పెద్ద హద్దు) కూడా తగ్గించాలి. బ్రౌజర్ తెరవగానే ఫ్యాన్ ఒక్కసారి హోరెత్తి మళ్లీ తగ్గుతుందే, దానికి ఎక్కువగా కారణం ఇదే. కొన్ని మోడళ్లలో కంపెనీ వీటిని లాక్ చేస్తుంది. అప్పుడు కంపెనీ యాప్‌లోని బ్యాలెన్స్‌డ్ మోడే గతి. ఏఎండీకి కూడా ముందు అదే చూడండి.

ఇంకో పని తప్పకుండా చేయండి: మీది 60 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) అయితే ఆటను 60 ఫ్రేములకు కట్టేయండి. 90 వచ్చినా అవన్నీ తెరపైకి రావు, వేడి మాత్రం పుడుతుంది. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ వేడిని బయటికి మోసే ఒకే రాగి గొట్టాలను పంచుకుంటాయి కాబట్టి ఒకదాని భారం దించితే రెండోదీ చల్లబడుతుంది.

విజయవాడ మే నెలలో గది 38 డిగ్రీలుంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో కంటే చిప్ సుమారు 13 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. అది లోపం కాదు. పరుపు మీద పెట్టకండి, వెనక కాళ్ల కింద రెండు బాటిల్ మూతలు పెట్టినా గాలి బాగా ఆడుతుంది.

ఇవన్నీ చేసినా వేడి తగ్గకపోతే, ల్యాప్‌టాప్ విప్పే ముందు బయటికొచ్చే గాలిని చేత్తో చూడండి. గాలి వేడిగానే ఉండి, బలహీనంగా వస్తుంటే దుమ్ము. అది ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య మందంగా పేరుకుంటుంది, బయటి నుంచి ఊదితే పోదు. వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని శుభ్రం చేయండి. అలా కాకుండా, ఆట మొదలైన రెండు మూడు సెకన్లలోనే 95కి ఎగిరి, బయటి గాలి మాత్రం చల్లగా ఉంటే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి అందించే పూత) మార్చాలి. మళ్లీ బిగించేటప్పుడు చిప్ మీది లోహపు పలక స్క్రూలను వాటి పక్కనున్న నంబర్ల వరుసలో, కొంచెం కొంచెంగా బిగించండి. పేస్ట్ బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం వెళ్లకండి: అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద చుక్క పడితే షార్ట్ అవుతుంది.