వానలో కారు జారింది: కొత్త టైర్లు ముందు వేయాలా, వెనకా?

ప్రశ్న: మా కారు కొని ఐదేళ్లయింది, 48,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న వర్షంలో పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ వైపు 60 వేగంతో వెళ్తుంటే ముందున్న కారు హఠాత్తుగా నెమ్మదించింది. బ్రేకు గట్టిగా తొక్కాను. ఏబీఎస్ పాదం కింద టకటకా కొట్టుకుంది గానీ కారు జారుతూనే పోయింది. వెంట్రుకవాసిలో తప్పింది. వెనక సీట్లో మా అమ్మ, మా పాప ఉన్నారు. టైర్ల షాపులో చూపిస్తే ముందువి అరిగిపోయాయి, వెనకవి బాగానే ఉన్నాయి, రెండు కొత్తవి ముందు వేద్దాం అన్నారు. లక్ష కిలోమీటర్లు నడిచే రకమంటూ ఒక టైరు చూపించారు. తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, అత్తాపూర్

జవాబు: అమ్మా, ఒక్క రోజు ఆగండి. ఆ షాపులో రెండు నిర్ణయాలు జరుగుతున్నాయి, రెండూ నాకు నచ్చలేదు.

ముందుగా ఏబీఎస్ సంగతి. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, దానివల్ల బ్రేకు తొక్కుతూ కూడా మీరు స్టీరింగ్ తిప్పుకోగలుగుతారు. అంతవరకే దాని పని. లేని పట్టును అది పుట్టించలేదు. మీ కారుకూ రోడ్డుకూ ఉన్న సంబంధమంతా నాలుగు చోట్ల, ఒక్కొక్కటి ఇంచుమించు అరచేయంత రబ్బరు. ఆ పట్టు సగమైతే బ్రేకు వేశాక కారు ఆగడానికి పట్టే దూరం రెట్టింపవుతుంది. 60 వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు బండిని చూసి మీ పాదం బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది.

ఇక టైరు ఎంపిక. రాణిగంజ్‌లో ఇరవై ఆరేళ్లు టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని చేశాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగిన మొదటి ప్రశ్న “ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?” అనే. “వానలో ఎంతలో ఆగుతుంది?” అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఎక్కువకాలం అరగకుండా ఉండేలా తయారుచేసిన రబ్బరు సాధారణంగా గట్టిగా ఉంటుంది, తడి రోడ్డు మీది సన్నని గరుకులోకి సర్దుకుని అతుక్కోదు. మన్నిక, ఇంధన పొదుపు, తడిలో పట్టు, ఈ మూడింటిలో ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గడం టైర్ల తయారీలో పాత చిక్కు. 1990ల తొలినాళ్లలో మిషెలిన్ కంపెనీ నల్లటి కార్బన్ పొడి స్థానంలో చాలావరకు సిలికా అనే తెల్లటి పొడి కలపడం మొదలుపెట్టాక ఆ చిక్కు కొంత సడలింది, పోలేదు. కాబట్టి షాపులో సిలికా ఎక్కువగా ఉన్న, తడి పట్టుకోసం చేసిన రకం కావాలని నోరు తెరిచి అడగండి. టైరు పక్కగోడ మీద “ట్రాక్షన్” అని ఇంగ్లీషులో ముద్రించి ఉంటే ఆ పక్కన అక్షరం చూడండి. “AA” అని ఉంటే మేలు, ఒక్క “A” ఉన్నా సరే. తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసి పరీక్షించి ఇచ్చే గ్రేడు అది. నక్షత్రాల లేబుల్ ఉంటే అది ఇంధన పొదుపును చెబుతుంది, దాన్ని చూసి వానకు భరోసా పెట్టుకోకండి.

లక్ష కిలోమీటర్ల టైరు పనికొచ్చే బండ్లు ఉన్నాయి, కాదనను. రోజూ ఆఫీసుకూ బడికీ తిరిగే మీ కారు ఏడాదికి పదివేల కిలోమీటర్లు కూడా దాటడం లేదు. లక్ష పూర్తయ్యేలోపు ఆ రబ్బరు వయసుతోనే బిరుసెక్కుతుంది. పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. కొనేముందు అది తప్పక చదవండి.

గాడుల లోతు గురించి. కొత్త టైరుకు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం 1.6 వరకు ఒప్పుకుంటుంది. గాడి అడుగున కనిపించే చిన్న దిమ్మెలు ఆ హద్దుకు గుర్తు. నేను మాత్రం 3 దగ్గరే మార్చమంటాను. లెక్క చూడండి: రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిస్తే, 18 సెంటీమీటర్ల వెడల్పున్న టైరు 60 వేగంలో సెకనుకు దాదాపు 9 లీటర్ల నీటిని దారిలోంచి తప్పించాలి. అరబకెట్టు నీళ్లు, ప్రతి సెకనుకూ, ఒక్కో ముందు టైరూ! ఆ నీరు పోవడానికి దారి గాడులే. అవి పూడిపోయిన టైరు నీటి మీదికి ఎక్కి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు మాట. కొత్త రెండూ వెనక వేయించండి. వెనక ఉన్నవాటిలో 4 మిల్లీమీటర్లయినా మిగిలితే ముందుకు మార్చండి, అంతకన్నా తక్కువైతే నాలుగూ మార్చడమే క్షేమం. కారు ముందు చక్రాలతో నడుస్తుంది కదా, మంచివి ముందే ఉండాలి కదా అని షాపువాళ్లు వాదిస్తారు. నేనూ ఏళ్లపాటు అలాగే వేశాను. 2016 సెప్టెంబరు వానల్లో బేగంపేట ఫ్లైఓవర్ దిగుతూ కొద్దిగా స్టీరింగ్ తిప్పాను, అంతే. ముందు కొత్త టైర్లు రోడ్డును పట్టుకున్నాయి, వెనక అరిగినవి వదిలేశాయి. కారు అడ్డంగా తిరిగి గోడకు జానెడు దూరంలో ఆగింది. పక్కన మా చిన్నమ్మాయి ఉంది. ముందు చక్రాలు జారితే చేతికి తెలుస్తుంది, పాదం తీస్తే చాలావరకు తిరిగి పట్టు దొరుకుతుంది. వెనక జారితే తెలిసేసరికే కారు తిరిగిపోయి ఉంటుంది, దాన్ని సరిదిద్దడం అనుభవజ్ఞులకే కష్టం. ఆ మర్నాటి నుంచి జత టైర్లు కొన్న ప్రతి కారుకూ వెనకే బిగించాను. ఒప్పుకోనివాళ్లకు అమ్మలేదు.

ప్రశ్న: వానాకాలంలో టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందంటారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: నిజం కాదు, ప్రమాదం కూడా. గాలి తగ్గితే టైరు నడిమి భాగం లోపలికి కుంగి, అక్కడి గాడులు మూసుకుంటాయి. నీటిని చీల్చే బలం తగ్గి తక్కువ వేగానికే తేలుతుంది. డ్రైవరు తలుపు చట్రం మీది చీటీలో ఉన్న అంకె పెట్టండి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. అందం కోసం వెడల్పాటి టైర్లు వేయించుకుంటున్న కుర్రవాళ్లకు కూడా చెబుతున్నాను: నిలిచిన నీటిలో వెడల్పు టైరు సన్నదానికన్నా ముందే తేలుతుంది.

ప్రశ్న: ఔటర్ రింగు రోడ్డు మీద నీటి మడుగు దాటుతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. అప్పుడేం చేయాలి?
— ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: టైర్లు రోడ్డును వదిలి నీటి మీదికి ఎక్కాయి. యాక్సిలరేటరు మీంచి పాదం మెల్లగా తీయండి, బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ కదపకుండా తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గితే టైరు మళ్లీ నేలను తాకుతుంది, చేతికి బరువు తెలుస్తుంది. మృగశిర కార్తెలో పడే తొలి జల్లుకు ఇంకా జాగ్రత్త కావాలి. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము, రబ్బరు పొడి నీటితో కలిసి మొదటి అరగంట రోడ్డును జారుడుగా చేస్తాయి. ఫ్లైఓవర్ల మీది ఇనుప జాయింట్లు, జీబ్రా గీతల తెల్లరంగు కూడా అంతే. వాటి మీద బ్రేకు వేయవద్దు, వాటికి ముందే వేగం తగ్గించండి.