ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదువు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ల్యాప్‌టాప్ రోజూ బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోతోందట, షాపువాడు ముందు ఫార్మాట్ కొడదాం అన్నాడట, అప్పటికీ తగ్గకపోతే మదర్‌బోర్డు మార్చాలన్నాడట. ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గర పడుతుంటే నీకెంత టెన్షన్‌గా ఉంటుందో తెలుసు. అయినా ఇప్పుడే ఒప్పుకోకు. సర్వీస్ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నా. ఇలా మాటిమాటికీ క్రాష్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువసార్లు తప్పు ర్యామ్‌ది గానీ, ఏదో ఒక డ్రైవర్‌ది గానీ అయి ఉంటుంది. ర్యామ్ అంటే మెషీన్ పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ, డ్రైవర్ అంటే మామూలుగా వైఫై, గ్రాఫిక్స్ లాంటి భాగాల్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్. ర్యామ్‌ది అయితే ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా తగ్గదు. డ్రైవర్‌ది అయితే ఆ ఒక్క డ్రైవర్ మారిస్తే చాలు. దేనిదో తేల్చుకోకుండా మొత్తం తుడిచెయ్యడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

రిపేరు మొదలెట్టే ముందు రెండు పనులు చెయ్యి. ప్రాజెక్టు ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో ఇవాళే కాపీ చేసుకో. ర్యామ్ పాడైన మెషీన్‌లో ఫైలు సేవ్ అయినట్టే కనిపించి లోపల చెడిపోయే ప్రమాదం ఉంది. అందుకని కాపీ చేసిన ఫైళ్లని నీ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకో. రెండోది బిట్‌లాకర్ రికవరీ కీ. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని ఫైళ్లకి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). విండోస్ 11 వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయిపోతుంది. మనకి తెలియను కూడా తెలియదు. రేపు బయాస్ (మెషీన్‌ని మొదట లేపే బోర్డు మీది సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాకో, సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి భాగాలతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లబోతేనో 48 అంకెల కీ అడిగి కూర్చుంటుంది. అది లేకపోతే నీ ఫైళ్లు నీకే అందవు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌లో నీ డివైస్ కింద ఆ కీ ఉంటుంది. కాగితం మీద రాసి దాచుకో.

ఇక ల్యాప్‌టాప్ ఏం చెబుతోందో వినాలి. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు చదివేలోపే రీస్టార్ట్ అయిపోతోంది కదా, దాన్ని ఆపొచ్చు. స్టార్ట్ మెనూలో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతుకు. అందులో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర సెట్టింగ్స్ నొక్కితే ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్న గడి కనిపిస్తుంది. టిక్ తీసెయ్. ఇకనుంచి ఆ స్క్రీన్ అలాగే ఉండిపోతుంది. ఫోన్‌తో ఫోటో తీసుకుని, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్. కొత్త అప్‌డేట్లు పడిన విండోస్ 11లో ఆ స్క్రీన్ నీలంగా కాకుండా నల్లగా వస్తుంది, విషయం మాత్రం అదే. కింద స్టాప్ కోడ్ ఉంటుంది, కొన్నిసార్లు దాని పక్కనే ఒక ఫైలు పేరు కూడా ఉంటుంది. ఆ రెండూ, ఆ టైముకి నువ్వేం చేస్తున్నావో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. క్రాష్ అయిన ప్రతిసారీ రాయి.

అయితే కోడ్ పేరు చూసి తీర్పు ఇచ్చెయ్యకు. పేరులో మెమరీ అన్న మాట ఉందని పరుగెత్తి కొత్త ర్యామ్ కొనేవాళ్లని చాలామందిని చూశాను. 2024 జూలై 19 గుర్తుందా? మన టైం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఒక చిన్న అప్‌డేట్ ఫైలు పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. విమానాలు ఆగాయి, హైదరాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ కంప్యూటర్ల మీద కనిపించిన కోడ్ 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా'. వింటే అచ్చం మెమరీ సమస్యలాగే ఉంటుంది. కానీ అవి పడిపోయింది ర్యామ్ దోషంవల్ల కాదు. వాళ్ల డ్రైవర్ 20 విలువలు ఉన్న చోట 21వది చదవబోయింది, అంతే. మామూలు యాప్ తనది కాని మెమరీలో చెయ్యి పెడితే ఆ యాప్ ఒక్కటే మూసుకుపోతుంది. డ్రైవర్ నడిచేది విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో కాబట్టి అదే పని అది చేస్తే, డేటా పాడవకుండా విండోస్ మొత్తం మెషీన్‌నే ఆపేస్తుంది. ఆ రోజు ఇంజినీర్లు ఒక్కో కంప్యూటర్‌నీ సేఫ్ మోడ్‌లోకి తీసుకెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేశారు. ర్యామ్ మార్చలేదు, ఫార్మాట్ కొట్టలేదు. బిట్‌లాకర్ కీ దొరకని చోట మాత్రం గంటలకొద్దీ తిప్పలు పడ్డారు. అందుకే నీకు కీ సంగతి ముందే చెప్పాను.

మరి తేడా ఎలా తెలుస్తుంది? వరసను బట్టి. ర్యామ్ పాడైతే క్రాష్‌కి వేళాపాళా ఉండదు. కోడ్ ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. ఫైలు పేరు కూడా మారుతూ ఉంటుంది. బ్లూ స్క్రీన్ రాని రోజుల్లో కూడా బ్రౌజర్ ట్యాబ్‌లు ఊరికే క్రాష్ అవుతాయి, బాగున్న జిప్ ఫైలు విప్పబోతే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు లెక్క సరిపోలేదనే హెచ్చరిక) వస్తుంది, డౌన్‌లోడ్ చేసిన ఇన్‌స్టాలర్ కరప్ట్ అయిందంటుంది. డ్రైవర్ తప్పయితే అదే కోడ్, అదే ఫైలు, అదే సందర్భం. మూత తెరిచి స్లీప్ నుంచి లేపినప్పుడు, హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు, బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టినప్పుడు, గేమ్ తెరిచినప్పుడు. 'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' వస్తే గ్రాఫిక్స్ వైపు చూడు. 'డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్' వస్తే స్లీప్ నుంచి సరిగ్గా లేవని డ్రైవర్ ఏదో ఉంది. నీ నోట్‌బుక్‌లో నాలుగైదు క్రాష్‌లు పడేసరికి ఈ వరస నీకే కనిపిస్తుంది.

ఇప్పటిదాకా అయిన క్రాష్‌ల రికార్డు కూడా మెషీన్‌లో ఉంది. స్టార్ట్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని టైప్ చేస్తే తేదీల వారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. మొదటి ఎర్ర గుర్తు ఏ రోజు పడింది, దానికి ముందు ఏ అప్‌డేట్, ఏ సాఫ్ట్‌వేర్ పడింది అన్నది చూడు. చాలాసార్లు అక్కడే దొంగ దొరికిపోతాడు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే అదేదో కారణం అనుకోకు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది, ఒక్కో క్రాష్‌కి ఒక్కో ఫైలు. వాటిని నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూ స్క్రీన్ వ్యూతో గానీ, మైక్రోసాఫ్ట్ విన్‌డీబీజీతో గానీ తెరవొచ్చు. రెండూ ఉచితమే. అక్కడ ఎన్‌టీఓఎస్‌కెర్నల్ (ntoskrnl.exe) అన్న పేరు కనిపిస్తే విండోస్ పాడైందని కాదు. అది కెర్నల్ ఫైలు. వేరే ఎవరో చేసిన తప్పు బయటపడింది దాని దగ్గర, అంతే.

ఇప్పుడు ర్యామ్ పరీక్ష. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. రీస్టార్ట్ అయ్యాక ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకో. అందులో ఎర్రర్ వస్తే సరే, తేలిపోయింది. ఏమీ రాకపోతే మాత్రం ర్యామ్ బాగున్నట్టు అనుకోకు, అది తేలిక పరీక్ష. నేను నమ్మేది పాస్‌మార్క్ వాళ్ల మెమ్‌టెస్ట్86. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఖాళీ పెన్‌డ్రైవ్ మీద తయారు చేసుకుని, దానితో బూట్ చేసి, రాత్రి పడుకునే ముందు పెట్టెయ్. ఛార్జర్ పెట్టే ఉంచు, పరుపు మీద కాకుండా టేబుల్ మీద పెట్టు. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు, అంటే నాలుగు విడతలు నడుస్తుంది, 16 జీబీకి గంటల సమయం పడుతుంది. తెల్లారేసరికి ఎర్రర్ల సంఖ్య సున్నా ఉండాలి. 'ఒక్కటే కదా వచ్చింది' అని సర్దుకోవద్దు. ర్యామ్ విషయంలో ఒక్క ఎర్రర్ కూడా ఎక్కువే.

ఎర్రర్ వచ్చినంత మాత్రాన ర్యామ్ పారెయ్యక్కర్లేదు, ముందు కాంటాక్ట్ చూడాలి. నీ మోడల్‌లో ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకి అతికించేశారా అన్నది కంపెనీ మాన్యువల్‌లో చూడు. వారంటీ ఉంటే అసలు విప్పకు, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లు. వారంటీ అయిపోయి, స్లాట్ ఉంటే ఇలా చెయ్యి. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, వెనక కవర్ విప్పాక బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. పవర్ బటన్ పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో. చేతుల్లో ఉన్న స్టాటిక్ పోవడానికి కిటికీ ఊచ లాంటి రంగు వెయ్యని ఇనుము ఏదైనా ముట్టుకో. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్పులు బయటికి లాగితే అది ఏటవాలుగా పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తియ్యి, బంగారు రంగు పళ్లకి వేలు తగలనివ్వకు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ పళ్ల మీద సన్నటి మసక పేరుకుంటుంది, మీ కాకినాడ నుంచి వచ్చే మెషీన్లలో ఇది చాలా చూస్తాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అదే ఏటవాలులో స్లాట్‌లోకి పూర్తిగా దూర్చి కిందికి నొక్కు. రెండు క్లిప్పులూ టక్కున పడాలి. ఒకటే పడితే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

మళ్లీ పరీక్ష పెట్టు. ఇంకా ఎర్రర్లు వస్తుంటే, రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడు, తర్వాత అదే ర్యామ్‌ని రెండో స్లాట్‌లో పెట్టి చూడు. ఎర్రర్ ర్యామ్ వెంట వెళ్తే ర్యామ్ పోయింది. స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డు సంగతి, అప్పుడు మాత్రమే షాపువాడి మాట నమ్ము. కొనేటప్పుడు పాత ర్యామ్ మీద స్టిక్కర్ ఫోటో తీసుకెళ్లు. పీసీ4-3200 అని ఉంటే అది డీడీఆర్4. డీడీఆర్5 దాని స్లాట్‌లో పట్టదు. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, వారంటీ తీసుకో. కొత్తది పెట్టాక కూడా ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడిపించు. డబ్బాలోంచి తీసిన ర్యామే పాడై ఉండడం కూడా ఉంటుంది.

ర్యామ్ పరీక్షలో పాస్ అయితే డ్రైవర్ మీద పడాలి. నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు వచ్చిన ఫైలు ఎవరిదో చూడు. ఎన్‌వీ అని మొదలైతే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కావచ్చు, నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలైతే ఇంటెల్ వైఫై. క్రాష్‌లు ఏదైనా అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో ఆ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కు, పాత డ్రైవర్ తిరిగొస్తుంది. ఆ బటన్ పని చెయ్యకపోతే నీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో సీరియల్ నంబర్ కొట్టి, నీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవరే దించుకో. ఒకసారికి ఒక్కటే మార్చు, రెండు మూడు రోజులు వాడి చూడు. నాలుగూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, మళ్లీ వస్తే మొదటికొస్తావు. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకు. వాటివల్ల కొత్త తలనొప్పులు రావడం తప్ప బాగుపడ్డ మెషీన్ నాకు కనిపించలేదు. ఇంకో మాట, డ్రైవర్ మార్చాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో కెర్నల్‌ని డిస్క్ మీద దాచుకుని మళ్లీ అదే లేపుతుంది. రీస్టార్ట్‌లోనే అన్నీ కొత్తగా లోడ్ అవుతాయి.

నెట్‌లో ఎవరో ఒకరు డ్రైవర్ వెరిఫయర్ నడపమంటారు. అది డ్రైవర్లని కావాలని ఒత్తిడి పెట్టి క్రాష్ చేయించే పనిముట్టు. మెషీన్ బూట్ కాకుండా తిరగడం మొదలెడితే సబ్మిషన్ ముందు నువ్వు ఇరుక్కుపోతావు. దాన్ని నాకు వదిలెయ్.

మెమరీ పాడవడం వేరు, చాలకపోవడం వేరు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, పాతిక ట్యాబ్‌లు తెరిస్తే 8 జీబీ మెషీన్ ఆయాసపడి హ్యాంగ్ అవుతుంది, ఒక్కో యాప్ మూసుకుపోతుంది. అది మామూలుగా బ్లూ స్క్రీన్ దాకా రాదు. నీది అలాంటిదే అయితే టాస్క్ మేనేజర్‌లో మెమరీ శాతం చూస్తే అర్థమైపోతుంది, దానికి ర్యామ్ పెంచుకోవడమే మందు. స్క్రీన్ ఏమీ రాకుండా ఠక్కున ఆఫ్ అయిపోతుంటే మాత్రం వేడి సంగతి చూడు. ఫ్యాన్‌లో దుమ్ము ఉంటే ఎండాకాలంలో ఇది మామూలే.

ఇదంతా చూసుకోవడానికి ఓపిక లేదనిపిస్తే షాపుకే వెళ్లు, తప్పేం లేదు. కానీ నీ నోట్‌బుక్ చూపించి, మెమ్‌టెస్ట్ ఎంతసేపు నడిపించారు, ఏ స్లాట్‌లో ఎర్రర్ వచ్చింది అని అడుగు. జవాబు చెప్పేవాడైతే మెషీన్ ఇవ్వు. మదర్‌బోర్డు అని తేల్చేసినవాడు కారణం చెప్పకపోతే ఇంకో షాపు చూసుకో.

మినీడంప్ ఫోల్డర్ జిప్ చేసి నాకు వాట్సాప్‌లో పంపు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు కూడా. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని చూసి చెబుతాను. ప్రాజెక్టు కాపీ మాత్రం ఈ ఉత్తరం చదవగానే చేసెయ్.

నీ మావయ్య