ఓవర్‌డ్రైవ్ చెడిపోయిన పాత పికప్: బాగు చేయించాలా, తీసివేయాలా?

జడ్చర్ల ప్రాంతం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన కొన్న పాత నాలుగు గేర్ల డీజిల్ పికప్‌కు ఎవరో బయట ఓవర్‌డ్రైవ్ యూనిట్ బిగించి ఉంచారు. అంటే ఇంజిన్ తక్కువ చుట్లు తిరిగినా బండి అదే వేగంతో పోయేలా గేర్‌బాక్స్ వెనుక బిగించే అదనపు గేర్ల పెట్టె. అది ఇప్పుడు ఒకసారి పడుతోంది, ఒకసారి పడడం లేదు. బాగు చేయించుకోవాలా, లేక తీసివేసి బండిని పాత స్థితికి తేవాలా అని ఆయన సందేహం.

తీసివేయండి. ఇదే పరిస్థితిలో ఒక లోడు బత్తాయి ధరను, రెండు నెలల కిరాయిలను పోగొట్టుకున్నవాడిని కాబట్టి ఇంత సూటిగా చెబుతున్నాను. అయితే యూనిట్ విప్పే రోజు వచ్చేలోపు మీరు తప్పనిసరిగా చూసుకోవలసిన విషయం ఒకటి ఉంది. దానిని చివర రాస్తాను, దయచేసి అంతవరకు చదవండి.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. 2014లో హైదరాబాద్‌లో పాత జీపుల మీద మక్కువ ఉన్న ఒక పెద్దమనిషి దగ్గర నేను ఆ పికప్‌ను కొన్నాను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఏదో పాత కారు నుంచి తీసిన యూనిట్‌ను ఆయన ఒక షెడ్డులో దానికి బిగించారు. పేరు రేకు అరిగిపోయి ఉన్నది కానీ లోపలి పద్ధతి మాత్రం బ్రిటన్‌కు చెందిన లేకాక్ కంపెనీ వారిదే. ఆ పద్ధతి చిన్నదేమీ కాదు. ఎడ్గార్ డి నార్మన్‌విల్ రూపొందించిన ఆ యూనిట్‌ను 1948లో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారులో తొలిసారి అమర్చారు, తరువాత దశాబ్దాల పాటు ఎన్నో బ్రిటిష్ కార్లలోనూ వోల్వోలలోనూ అది పనిచేసింది. 1950ల్లో మద్రాసులో వాన్‌గార్డ్ కార్లు తయారైన రోజులు గుర్తున్న పాత మేస్త్రీలు ఇప్పటికీ ఆ పేరును గౌరవంగానే తలుస్తారు. అందువల్ల నా ఫిర్యాదు యూనిట్ మీద కాదు. దానిని తెచ్చి ఏ బండికి, ఏ పనికి, ఏ విధంగా బిగించారన్న దాని మీదే నా ఫిర్యాదంతా.

అమెరికాలో పికప్‌లకు ఇటువంటివి విడిగా కొని బిగించుకోవడానికి అర్థం ఉన్నది. అక్కడి పాత పికప్‌లలో చాలావాటికి మూడు గేర్ల ఆటోమేటిక్ బాక్సులు ఉండేవి, పై గేరులో ఇంజిన్ ఎంత తిరిగితే వెనుక షాఫ్టు అంతే తిరిగేది. వందల మైళ్లు ఒకే వేగంతో సాగే రహదారుల మీద ఇంజిన్ చుట్లు 20 శాతానికి పైగా తగ్గితే డీజిలూ మిగులుతుంది, చప్పుడూ తగ్గుతుంది. మన పరిస్థితి వేరు. దేవరకొండ నుంచి మల్లేపల్లి, చింతపల్లి, మాల్ మీదుగా హైదరాబాద్ వెళ్లే దారి పోనుపోను ఎత్తుకే పోతుంది. పండు నిండిన బండి ఎత్తుకు ఎక్కుతుంది, ఖాళీ బండి పల్లానికి దిగుతుంది. లోడుతో వెళ్లేటప్పుడు ఓవర్‌డ్రైవ్ వేస్తే ఇంజిన్ మూలుగుతుంది కనుక వేయలేము, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మాత్రమే అది పనికివస్తుంది. అంటే కిరాయి వచ్చే ప్రయాణంలో దాని వల్ల ఒక్క రూపాయి లాభం లేదు. మన జిల్లాల్లో లోడు కట్టే ఏ పికప్‌కూ ఓవర్‌డ్రైవ్ అవసరం లేదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఐదో గేరు కావలసినవారు ఐదు గేర్ల బండినే కొనుక్కోవాలి.

ఇక జరిగిన సంగతి. 2016 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఖాళీ బండితో ఓవర్‌డ్రైవ్ వేసుకునే ఇంటికి వచ్చాను. డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఆ స్విచ్చును ఆపడం మరిచిపోయాను. సాయంత్రం తోటలో బత్తాయి కుప్ప దగ్గరకు బండిని వెనక్కు పెట్టవలసి వచ్చింది. రివర్స్ వేసి క్లచ్ వదిలాను. నాలుగు అడుగులు వెనక్కు పోయిందో లేదో, సీటు కింద ఎక్కడో మట్టికుండ పగిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. చక్రం కింద రాయి నలిగిందనుకున్నాను. కూలీలు అప్పటికే వరిగడ్డి పరిచి గంపలు ఎత్తడం మొదలుపెట్టారు. పన్నెండు క్వింటాళ్లు నింపుకొని, తెల్లవారుజామున గడ్డిఅన్నారం మార్కెట్‌లో ఉండాలని రాత్రి పన్నెండు దాటాక మా బామ్మర్దితో కలిసి బయలుదేరాను.

మల్లేపల్లి వరకు బండి బాగానే నడిచింది. చింతపల్లి దాటిన తరువాత ఒక ఎత్తు దగ్గర మూడో గేరులోకి దించి ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా అరిచింది, బండి మాత్రం నెమ్మదించి ఆగిపోయింది. క్లచ్ ప్లేటు పోయిందనుకుని మొదటి గేరు వేశాను. అప్పుడూ అంతే. మా బామ్మర్ది దిగి, టార్చిలైటు పట్టుకుని బండి కిందకు వంగి చూసి, "బావా, ఇంజను మంచిగనే ఒర్రుతున్నది, షాఫ్టే తిరుగుతలేదు" అన్నాడు. బండి వెనక్కు జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టాము. ఆ చీకటిలో, పన్నెండు క్వింటాళ్ల పండు వాసన మధ్య కూర్చుని, ఏమీ తోచక, ఓవర్‌డ్రైవ్ స్విచ్చు నొక్కి మరొకసారి మొదటి గేరులో క్లచ్ వదిలాను. రెండు క్షణాలు ఇంజిన్ ఊరికే తిరిగింది, ఆ తరువాత ఎవరో వెనుక నుంచి తన్నినట్టు ఒక కుదుపు వచ్చి బండి ముందుకు కదిలింది. స్విచ్చు ఆపితే మళ్లీ నిలిచిపోయింది. వేస్తే కదిలింది. ఆ విధంగా మొదటి, రెండో గేర్లలోనే, స్విచ్చు వేసి ఉంచి, మాల్ వరకు ఈడ్చుకెళ్లాము. అక్కడ తెల్లవారిన తరువాత మరొక బండి మాట్లాడి లోడు మార్చుకుని మార్కెట్‌కు చేరేసరికి వేలం ముగిసింది. ఆలస్యంగా వచ్చిన పండుకు ఏ ధర వస్తుందో, సూటు, అంటే తరుగు పేరుతో ఎంత కోత పడుతుందో బత్తాయి రైతులకు నేను చెప్పనక్కరలేదు.

స్విచ్చు వేస్తే కదిలి, ఆపితే ఆగడం ఆ రాత్రి నాకు అంతుపట్టలేదు. తరువాత యూనిట్ విప్పించినప్పుడు దగ్గర కూర్చుని చూశాను. నూనెను ఒక పాత రంగు డబ్బాలోకి దింపితే అది బూడిద రంగులో, వెండి పొడి కలిపినట్టు మెరుస్తూ వచ్చింది. మేస్త్రీ పాత స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతాన్ని అందులో తిప్పి పైకి తీస్తే దాని చుట్టూ గడ్డం మొలిచినట్టు ఇనుప రజను పట్టుకుని ఉంది, ఆ రజనులో గోరంత ముక్కలు రెండు ఉన్నాయి. అవి వన్‌వే క్లచ్, అంటే ఒక దిశలో మాత్రమే బిగుసుకునే క్లచ్ రోలర్ల ముక్కలు. మామూలుగా ముందుకు నడిచేటప్పుడు ఇంజిన్ బలమంతా ఆ రోలర్ల మీదుగానే వెనుక షాఫ్టుకు అందుతుంది. ఓవర్‌డ్రైవ్ వేసినప్పుడు మాత్రం నూనె ఒత్తిడితో శంకు ఆకారపు కోన్ క్లచ్ బిగుసుకుని మధ్యలోని సన్ గేరును కదలకుండా పట్టుకుంటుంది, అప్పుడు బలం దాని చుట్టూ తిరిగే ప్లానెట్ గేర్ల ద్వారా పోతుంది, రోలర్లకు పని ఉండదు. రోలర్లు విరిగిన బండి మామూలు స్థితిలో కదలక, ఓవర్‌డ్రైవ్‌లో కదలడానికి కారణం అదే.

అవి విరగడానికి కారణం ఆ సాయంత్రం నేను వేసిన రివర్స్. ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా బండి వెనక్కు నడిస్తే, ప్లానెట్ గేర్లు వెనుక షాఫ్టును ముందు షాఫ్టు కన్నా వేగంగా వెనక్కు తిప్పాలని చూస్తాయి, వన్‌వే క్లచ్ ఆ దిశలో బిగుసుకుని రెండింటినీ ఒకే వేగంతో కట్టివేస్తుంది. రెండూ ఒకేసారి జరగడం సాధ్యం కాదు కనుక ఏదో ఒకటి విరిగి తీరుతుంది. స్విచ్చు మరిచిపోవడం నా పొరపాటే. కానీ మనిషి మరిచిపోతాడని ఆ యూనిట్‌ను తయారుచేసినవారికి తెలుసు. అందుకే గేర్‌బాక్స్ పైన ఒక చిన్న లాకౌట్ స్విచ్చు పెట్టి, గేరు రాడ్డు మూడులో గానీ నాలుగులో గానీ ఉన్నప్పుడే సొలినాయిడ్‌కు (కరెంటు అందితే కదిలి ఓవర్‌డ్రైవ్‌ను వేసే భాగానికి) కరెంటు అందేలా వైరింగ్ ఇచ్చారు. నా బండికి బిగించిన షెడ్డువారు ఆ స్విచ్చును పెట్టనే లేదు. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చుకు, అక్కడి నుంచి నేరుగా సొలినాయిడ్‌కు ఒక్క వైరు లాగి పని ముగించారు. యాభై రూపాయల స్విచ్చు, రెండు గజాల వైరు లేకపోవడం వల్ల యూనిట్ మొత్తం పోయింది.

ఆ లాకౌట్ స్విచ్చు రివర్స్ కోసం మాత్రమే కాదు. ఓవర్‌డ్రైవ్ యూనిట్ గేర్‌బాక్స్ వెనుక ఉంటుంది కాబట్టి గేరులో పెరిగిన బలమంతా దాని మీదే పడుతుంది. మొదటి గేరు నిష్పత్తి 4 అయితే, 1 నిష్పత్తి ఉన్న పై గేరులో కన్నా నాలుగు రెట్ల బలాన్ని ఆ చిన్న కోన్ క్లచ్ లైనింగు భరించాలి. అది పై గేర్ల బలానికే తయారైనది. ఆ రాత్రి చింతపల్లి నుంచి మాల్ వరకు నేను మొదటి, రెండో గేర్లలో నడిపినప్పుడు ఆ లైనింగు కూడా మాడిపోయింది. విప్పినప్పుడు అది నల్లగా, గాజులా నున్నగా ఉంది.

ఇక్కడ మరొక బాధ చెప్పుకోవాలి. అసలు గేర్‌బాక్స్ వెనుక భాగాన్ని, అంటే టెయిల్ హౌసింగును, మెయిన్ షాఫ్టును, వెనుక చక్రాలకు బలం అందించే, బండితో వచ్చిన ప్రొపెల్లర్ షాఫ్టును ఆ షెడ్డువారు పాత ఇనుము కింద తూకానికి వేశారు. మార్పు చేసేటప్పుడు తీసిన సామాను యజమానికి ఇవ్వాలన్న ఆలోచన మన దగ్గర చాలా మందికి లేదు. ఏ పరిమాణంలో కప్లింగు లేత్ మీద తీశారో, ఏ నూనె పోశారో, ఎవరూ ఒక కాగితం ముక్క మీద రాసి పెట్టరు. ఏది అడిగినా "ఏం కాదన్నా, నడుస్తది" అన్నదే సమాధానం. నడిచినన్నాళ్లు నడిచింది, నిజమే. ఆగినప్పుడు మాత్రం దానిని ఎలా బిగించారో తెలిసినవారు ఒక్కరూ దొరకలేదు. నూనె విషయమూ అంతే. కోన్ క్లచ్ నూనెలో మునిగే పనిచేస్తుంది కనుక జారుడు పెంచే అడిటివ్‌లు ఏవీ కలపరాదు. నా బండిలో శబ్దం తగ్గుతుందని చెప్పి ఒక సీసా అడిటివ్ పోసినట్టు పాత యజమానిని అడిగితే తెలిసింది.

బాగు చేయించడం అసాధ్యం కాదు. రోలర్లు, లైనింగు ఇంగ్లండులో పాత కార్ల సామాను అమ్మేవారి దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి. కానీ తెప్పించే ఖర్చు, సుంకం, వచ్చేవరకు బండి నిలిచిపోవడం, వచ్చాక దానిని ఎరిగి బిగించగలిగే చేయి దొరకకపోవడం కలిపి చూస్తే అది మన అవసరానికి తగదు. నేను అదే రకం పాత బండి గేర్‌బాక్సును పూర్తిగా తెచ్చి పెట్టించాను. విరిగిన ముక్కలు నూనెతో పాటు నా గేర్‌బాక్సులోకీ చేరాయి కనుక పాత బాక్సును నమ్మలేదు. ప్రొపెల్లర్ షాఫ్టును అసలు పొడవుకు చేయించి, దాని కీళ్లలో కొత్త క్రాస్‌లు వేయించి, బ్యాలెన్సింగ్ చేయించాను. ఈ చివరి పనిని ఎవరూ వదిలేయవద్దు, లేకపోతే గంటకు 50 కిలోమీటర్లు దాటగానే క్యాబిన్ మొత్తం వణుకుతుంది. అన్నీ కలిపి నాకు 31,000 రూపాయలు అయ్యాయి. బండి ఆ తరువాత ఐదేళ్లు నా దగ్గరే పనిచేసింది, గేర్‌బాక్స్ విప్పవలసిన అవసరం రాలేదు.

బండిని కంపెనీ స్థితికి తేవడంలో మరొక మేలు ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లినప్పుడు గానీ, దేవుడు చల్లగా చూడక ప్రమాదం జరిగి బీమా అడిగినప్పుడు గానీ, కింద వేలాడే తెలియని యూనిట్ గురించి సంజాయిషీ చెప్పుకునే పని ఉండదు.

ఇప్పుడు మొదట చెప్పిన ముఖ్యమైన విషయానికి వస్తాను. మీ యూనిట్ ఒకసారి పడి, ఒకసారి పడడం లేదంటే అది వైరు, ఫ్యూజు, సొలినాయిడ్, నూనె మట్టం లేదా ఫిల్టరు దగ్గరి లోపం కావచ్చు. అది అంత ప్రమాదం కాదు. పడిన ఓవర్‌డ్రైవ్ మళ్లీ విడవకపోవడమే ప్రమాదం. అటువంటి అనుమానం ఏ కొంచెం ఉన్నా రివర్స్ వేయవద్దు, ఎత్తు మీద బండిని వెనక్కు దొర్లనివ్వవద్దు, నలుగురు కలిసి వెనక్కు నెట్టవద్దు. ఇంజిన్ ఆపి ఉన్నా నష్టం ఒకటే.

ఈ సాయంత్రమే ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి, తాళం తిప్పి ఇగ్నిషన్ మాత్రం వేసి, ఓవర్‌డ్రైవ్ స్విచ్చు వేయండి. ఒక మనిషిని బండి కింద యూనిట్ దగ్గర చెవి పెట్టి కూర్చోమని, మీరు గేరు రాడ్డును ఒక్కొక్క గేరులోకి మార్చండి. మూడులో గానీ నాలుగులో గానీ వేసినప్పుడు మాత్రమే సొలినాయిడ్ టక్కుమనాలి. గేరుతో సంబంధం లేకుండా స్విచ్చు వేయగానే టక్కుమంటే, మీ బండికీ నా బండికి చేసినట్టే లాకౌట్ లేకుండా బిగించారని అర్థం. వెంటనే ఆ వైరు ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి, బండిని కొంతదూరం ముందుకే నడిపి యూనిట్ మామూలు స్థితికి వచ్చిందని ఇంజిన్ చప్పుడును బట్టి నిర్ధారించుకోండి, ఆ తరువాతే రివర్స్ వేసి ఇంట్లో పెట్టండి.