అమెరికా హిస్టరీ పేపర్‌లో తేదీలన్నీ రాసినా 58 మార్కులే: కోర్సు డ్రాప్ చేయాలా?

ప్రశ్న: సార్, నేను విజయవాడలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి, ఇప్పుడు డాలస్ దగ్గర ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎఫ్-1 (విద్యార్థి) వీసా. క్యాల్‌క్యులస్, ప్రోగ్రామింగ్ బాగానే వస్తున్నాయి. అమెరికా హిస్టరీ రెండో భాగం, అంటే 1865 తర్వాతి నుంచి ఇప్పటిదాకా ఉన్న కోర్సు మాత్రం కొరుకుడు పడటం లేదు. మిడ్‌టర్మ్‌లో 58 వచ్చాయి. తేదీలు, పేర్లు ఒక్కటీ తప్పు రాయలేదు, అయినా ప్రొఫెసర్ పేపర్ మీద ‘ఇందులో నీ వాదన ఏది?’ అని రాశారు. నాన్నగారు డ్రాప్ చేసేయమంటున్నారు. అసలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకి ఈ చరిత్ర దేనికి? ఏం చేయమంటారు?

జవాబు: ముందు డ్రాప్ సంగతి తేల్చేద్దాం అమ్మా, దానికి గడువు ఉంటుంది కాబట్టి. ఎఫ్-1 మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. నువ్వు 12, 13 లేదా 14 తీసుకుని ఉంటే, ఈ 3 క్రెడిట్ల కోర్సు వదిలిన రోజునే ఫుల్‌టైమ్ లెక్క కిందికి జారిపోతావు, అప్పుడు ప్రశ్న మార్కుల గురించి కాదు, వీసా స్టేటస్ గురించి అవుతుంది. కాబట్టి ఇంటర్నేషనల్ ఆఫీసులో నీ ఐ-20 (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చూసే అధికారిని అడగకుండా డ్రాప్ బటన్ ముట్టుకోవద్దు. పోనీ 15 ఉన్నాయి, ఒకటి వదిలినా ఫర్వాలేదు అనుకున్నా, వదిలి ఎక్కడికి పోతావు? టెక్సాస్‌లో ప్రభుత్వ కాలేజీ నుంచి డిగ్రీ చేతికి రావాలంటే అమెరికా చరిత్రలో 6 క్రెడిట్లు ఉండి తీరాలి, అది రాష్ట్ర చట్టం. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి మినహాయింపు లేదు. వచ్చే ఏడాదో, ఆ పై ఏడాదో ఇదే కోర్సు మళ్లీ నీ ముందుకు వస్తుంది, అప్పటికి నీ మీద డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ బరువు కూడా ఉంటుంది. నాన్నగారికి ఈ రెండు విషయాలూ చెప్పు, ఆయన టెన్షన్ జీపీఏ గురించి, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ మిడ్‌టర్మ్ 58 వచ్చినంత మాత్రాన కోర్సు పోయినట్టు కాదు. సిలబస్ తీసి చూడు, మిగిలిన పేపర్లు, ఫైనల్, క్లాసులో చర్చ కలిపి ఇంకా ఎంత శాతం చేతిలో ఉందో అందులోనే రాసి ఉంటుంది. సగం కంటే ఎక్కువ ఉంటే నా మాట ఒక్కటే: వదలకు.

ఇక అసలు సమస్యకి వద్దాం. పదో తరగతి వరకు సోషల్ మనం ఎలా చదివామో నీకు తెలుసు. గైడ్‌లో ఉన్న పాయింట్లు వరసగా రాస్తే మార్కులు, తర్వాత ఇంటర్‌లో చరిత్ర ఊసే లేదు. ఎంట్రన్స్‌ల కోసం బిట్లు చేసి చేసి, ప్రశ్న కనపడగానే సమాధానం గుర్తు తెచ్చుకోవడం అలవాటైపోయింది. అక్కడి కాలేజీ హిస్టరీ పేపర్ అది అడగదు. నీకు బాగా తెలిసిన లెక్కల భాషలోనే చెబుతాను: తేదీలు దత్తాంశాలు మాత్రమే, సాధించాల్సింది ఒక వాక్యం, మధ్యలో స్టెప్పులు నువ్వు రాయాలి. నువ్వు దత్తాంశాలన్నీ తప్పు లేకుండా రాసి పెన్ను పక్కన పెట్టేశావు. ఆ 58 వాటికి వచ్చినవే.

ఒక ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూద్దాం. నీ ఫైనల్‌లో వలసల చట్టాల మీద ప్రశ్న వచ్చే అవకాశం చాలా ఉంది, పైగా ఆ కథ మనది కూడా. నువ్వు ఇప్పుడు రాసే పద్ధతిలో అయితే ఇలా రాస్తావు: 1882లో చైనా కార్మికులను రానివ్వని చైనీస్ ఎక్స్‌క్లూజన్ చట్టం, 1917లో ఆసియా దేశాల్లో చాలావాటికి తలుపు మూసిన చట్టం, 1924లో దేశాలవారీ కోటాలు, 1946లో భారతీయులకి పౌరసత్వ హక్కు ఇచ్చిన లూస్-సెల్లర్ చట్టం, 1965లో ఆ దేశాలవారీ కోటాలను ఎత్తేసిన హార్ట్-సెల్లర్ చట్టం. అన్నీ నిజాలే, కానీ వాదన లేదు.

ఇప్పుడు 1923 దగ్గర కాసేపు ఆగు. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అప్పటి చట్టం ప్రకారం బయటి నుంచి వచ్చి పౌరులు కావాలంటే ‘తెల్లవారు’ గానీ ఆఫ్రికా మూలాలవారు గానీ అయి ఉండాలి. అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబరులో, ఇదే కోర్టు జపాన్‌కి చెందిన తకావో ఒజావాకి పౌరసత్వం నిరాకరిస్తూ తెల్లవారంటే కాకేసియన్ జాతివారని చెప్పింది. థింద్ దాన్నే పట్టుకుని, మానవశాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా అన్నాడు. కోర్టు ఏమంది? శాస్త్రవేత్తలు ఏమన్నా సరే, మామూలు మనిషి ఆ మాటకి ఇచ్చే అర్థమే ముఖ్యం, ఆ లెక్కన నువ్వు తెల్లవాడివి కావు అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నీకే ఒక వాక్యం తడుతుంది: ‘1920లలో కోర్టు జాతికి ఒక నిర్వచనం పెట్టుకుని తీర్పు చెప్పలేదు, ఆసియావాసులను బయట ఉంచడానికి నిర్వచనాన్నే మార్చుకుంది.’ ప్రొఫెసర్ అడిగింది ఇదే. దీన్ని థీసిస్ అంటారు, మొదటి పేరాలోనే ఉండాలి, ఆ తర్వాత ప్రతి పేరా దానికి సాక్ష్యం మోయాలి. ఒప్పుకోని వాళ్లు ఏమంటారో కూడా ఒక పేరాలో రాసి జవాబు చెబితే ఆ పేపర్ స్థాయే మారిపోతుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో చదవడానికి బోస్టన్‌లో దిగింది దాదాపు ఆ రోజుల్లోనే. మనం ఆయన్ని మందుల శాస్త్రవేత్తగా గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా, కానీ ఆయన అక్కడ పనిచేసిన కాలంలో ఎక్కువ భాగం భారతీయులకి పౌరసత్వం అడిగే హక్కే లేదన్న సంగతి మన పాఠాల్లో ఎవరూ చెప్పరు. ఆ హక్కు 1946లో వచ్చింది, దానితోపాటు భారతీయులకి ఏడాదికి 100 మంది కోటా. వంద! ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే మనవాళ్లు అంతమంది ఉంటారు.

ఆ వంద నుంచి ఇంతమందిమి ఎలా అయ్యాం అన్నది రెండో మంచి ప్రశ్న. 1965 చట్టాన్ని విడిగా చదవకు. పౌరహక్కుల చట్టం 1964, ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు, హార్ట్-సెల్లర్ 1965 అక్టోబరు, మూడింటి మీదా సంతకం చేసింది టెక్సాస్ మనిషి, లిండన్ జాన్సన్. అలబామాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో జాతి వివక్షకి నిరసనగా బస్సులెక్కకుండా ఏడాదికి పైగా నడిచిన నల్లజాతి మనుషుల ఉద్యమం జాతి పేరుతో ఉన్న చట్టాలన్నింటినీ ఇరకాటంలో పెట్టింది. దానికి తోడు సోవియట్ యూనియన్‌తో పోటీలో ఆసియా, ఆఫ్రికా దేశాల ముందు పరువు కాపాడుకోవాల్సిన అవసరం. ఈ రెండిట్లో ఏది ఎక్కువ పనిచేసిందో నువ్వు తేల్చి రాయాలి. సంతకం చేసే రోజున జాన్సనే ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదు, కోట్లమంది జీవితాలను మార్చదు అన్నాడు. ఆ మాట నీ ఎస్సేకి దొరికే మేలైన సాక్ష్యాల్లో ఒకటి, చట్టం చేసినవాళ్లు అనుకున్నది ఒకటి, జరిగింది మరొకటి అని చూపించడానికి. నువ్వు చదువయ్యాక ఎదురుచూడబోయే హెచ్-1బి ఉద్యోగ వీసా 1990 చట్టంతో వచ్చింది, అది కూడా ఈ వరసలోనిదే.

ఉద్యోగానికి ఎందుకు అని అడిగావు. ఇంటర్వ్యూలో న్యూ డీల్ (1930ల ఆర్థిక మాంద్యంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన కార్యక్రమాలు) గురించి ఎవరూ అడగరు, ఆ మాట నిజమే. కానీ టీంలో డిజైన్ డాక్యుమెంట్ రాసేటప్పుడు, ఈ పద్ధతే ఎందుకు, ఆధారం ఏమిటి, అవతలివాడి అభ్యంతరానికి జవాబేమిటి అని రెండు పేజీల్లో రాయలేక, మంచి కోడ్ రాసేవాళ్లే మీటింగుల్లో మౌనంగా కూర్చోవడం నేను చాలా చూస్తున్నాను. ఆ పని నేర్పే కోర్సులు నీ సిలబస్‌లో చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఇంకోటి, నువ్వు ఉన్న దేశం ఇది. క్యాంపస్ జాబ్ కోసం తీసుకునే సోషల్ సెక్యూరిటీ నంబర్ 1935 చట్టం నుంచి వచ్చింది, గంటకి కనీస వేతనం 1938 చట్టం నుంచి వచ్చింది, అప్పుడు అది 25 సెంట్లు. దేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేని 1933 నాటి పరిస్థితి తెలిస్తే ఆ చట్టాలు ఎందుకు వచ్చాయో బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

చదివే పద్ధతి గురించి. క్లాసుకి ముందే ఆ వారం అధ్యాయం చదువు, పుస్తకం ఖరీదనుకుంటే హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్‌లో అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. చదివాక మూసేసి, ఎందుకు జరిగింది, ఎవరికి లాభం, ఎవరు ఒప్పుకోలేదు అన్న మూడింటికీ సొంత మాటల్లో నాలుగేసి లైన్లు రాయి, మొదట తెలుగులో ఆలోచించినా తప్పేమీ లేదు. తీర్పులు, ఉత్తరాలు, ప్రసంగాల్లాంటి అసలు పత్రాలు ఇస్తే వాటిని అస్సలు వదలకు, ఎస్సేలో కోట్ చేయాల్సింది వాటినే. ఏఐ చేత రాయించి పెట్టొద్దు. అది లేని పుస్తకాలను, లేని పేజీ నంబర్లను కల్పించి ఇస్తుంది, పట్టుబడితే విషయం క్రమశిక్షణ కమిటీకి పోతుంది, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకి అది మామూలు సున్నా మార్కుతో పోయే వ్యవహారం కాదు.

ఈ వారంలోనే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు. మార్కులు పెంచమని అడగొద్దు, మనవాళ్లు చాలామంది అడిగేది అదే, పని జరగదు. మిడ్‌టర్మ్ పేపర్ తీసుకెళ్లి, ఇదే ప్రశ్నకి కొత్తగా రాసుకున్న ఒక్క థీసిస్ వాక్యం చూపించి, ఇది వాదన అవుతుందా, దీనికి ఇంకా ఏ సాక్ష్యం కావాలి అని అడుగు. ఇంగ్లిష్ తడబడుతుందేమో అనిపిస్తే క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ ఉంటుంది, ఫీజు కట్టక్కర్లేదు, సబ్మిట్ చేయడానికి రెండు మూడు రోజుల ముందే అపాయింట్‌మెంట్ తీసుకో. మొదటి భాగం హిస్టరీ ఇంకా తీసుకోకపోతే దానికి క్లెప్ (కోర్సు చేయకుండానే క్రెడిట్ తెచ్చే) పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే వీలు చాలా కాలేజీల్లో ఉంది, లేదా ఆ 3 క్రెడిట్లకి టెక్సాస్ చరిత్ర కోర్సు తీసుకోవచ్చు. మీ యూనివర్సిటీ ఏ స్కోరు ఒప్పుకుంటుందో అకడమిక్ అడ్వైజర్‌ని అడిగి, ఆ జవాబు ఈమెయిల్‌లో తీసుకుని పెట్టుకో.