డిప్రెషన్‌కు ఆర్‌టీఎంఎస్: అది షాక్ ట్రీట్‌మెంటేనా?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్ ఉంది. రెండు రకాల మందులు వాడాక నిద్ర కాస్త కుదిరింది గానీ, ఆఫీసుకు వెళ్లే ఓపిక రాలేదు. డాక్టరుగారు ఆర్‌టీఎంఎస్ (అయస్కాంత తరంగాలతో మెదడును ఉత్తేజపరిచే చికిత్స) చేయిద్దామంటున్నారు. అది కరెంటు షాకేనని, జ్ఞాపకశక్తి పోతుందని మా అత్తగారు వద్దంటున్నారు. చేయించవచ్చా?
– ఓ పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: ఆర్‌టీఎంఎస్ షాక్ ట్రీట్‌మెంట్ కాదని ముందుగా మీ అత్తగారికి చెప్పండి. షాక్ ట్రీట్‌మెంట్‌గా పిలిచే ఈసీటీలో మత్తు ఇచ్చి, మెదడుకు కరెంటు పంపి, కొన్ని సెకన్ల పాటు ఫిట్స్ వచ్చేలా చేస్తారు. ఆర్‌టీఎంఎస్‌లో మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు. డిప్రెషన్‌తో సంబంధమున్న మెదడు ముందు భాగాన్ని తలకు ఎడమవైపు ఆనించిన కాయిల్ నుంచి వెలువడే అయస్కాంత తరంగాలతో ఉత్తేజపరుస్తారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని డిప్రెషన్ చికిత్సకు 2008లోనే అనుమతించింది.

మొదటి రోజు కాయిల్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ, కుడిచేతి బొటనవేలు తనంతట తాను అదిరే చోటును, అందుకు చాలినంత తీవ్రతను గుర్తించి, దాన్నిబట్టి మీవారికి ఇవ్వాల్సిన మోతాదును నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఆయన కుర్చీలో మెలకువగానే కూర్చుంటారు. వడ్రంగిపిట్ట కొట్టినట్టు టకటకమని శబ్దం వస్తుంది కాబట్టి చెవుల్లో ప్లగ్స్ పెడతారు. సిట్టింగ్ పద్ధతినిబట్టి 3 నుంచి 40 నిమిషాల దాకా పడుతుంది. తలనొప్పి, కాయిల్ ఆనించిన చోట చురచుర వంటివి మొదటి వారంలో మామూలే. దీనివల్ల జ్ఞాపకశక్తి దెబ్బతింటుందని అధ్యయనాల్లో తేలలేదు. ఫిట్స్ వచ్చే అవకాశం వెయ్యి మందిలో ఒకరి కంటే తక్కువే అయినా, గతంలో ఫిట్స్ వచ్చి ఉన్నా, తలలో లోహపు క్లిప్పులు, వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ వంటివి ఉన్నా తప్పక చెప్పాలి.

అయితే మీరు రాసిన 'రెండు రకాల మందులు' అన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. ఒక్కో మందును పూర్తి మోతాదులో కనీసం ఆరు వారాలు వాడారా, లేక నీరసంగా ఉందని మధ్యలోనే మానేశారా? థైరాయిడ్ పరీక్ష చేయించారా? మద్యం అలవాటు ఉందా? వీటికి సమాధానాలు సరిగా ఉంటే ఆర్‌టీఎంఎస్ చేయించడం మంచి నిర్ణయమే. సుమారు సగం మందిలో లక్షణాలు బాగా తగ్గుతాయి, మూడో వంతు మంది దాదాపు పూర్తిగా కోలుకుంటారు. కొంతకాలానికి మళ్లీ రావచ్చు కాబట్టి, శాశ్వత నివారణ అనే ప్రకటనలను నమ్మకండి.

వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్లాలి. మార్పు తరచూ రెండు మూడు వారాల తర్వాతే తెలుస్తుంది. మన ట్రాఫిక్‌లో రోజూ మల్కాజ్‌గిరి నుంచి గచ్చిబౌలి దాకా వెళ్లిరావడం డిప్రెషన్ ఉన్న మనిషికి సాధ్యమయ్యే పని కాదు. పేరున్న సెంటర్ కంటే దగ్గర్లోని సెంటరే మేలు. మందులు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకండి.

ఆయన తిండి మానేసినా, చావు గురించి మాట్లాడినా ఆర్‌టీఎంఎస్ కోసం వేచి చూడకూడదు. అలాంటప్పుడు మీ అత్తగారు భయపడుతున్న ఈసీటీయే త్వరగా పనిచేస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సలహా కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.