ఆరో తరగతిలో చేరే పిల్లలకు, వారి ఇంటివారికి తోడుగా ఉండడం గురించి ఒక సిస్టర్‌గారికి లేఖ

గౌరవనీయులైన సిస్టర్‌గారికి వందనాలు.

ఈ జూన్ నుంచి మన కథోలిక ఉన్నత పాఠశాలలో ఆరో తరగతి బాధ్యత మీకు అప్పగించారని, కొత్తగా చేరే పిల్లల విషయంలోను, వారి తల్లిదండ్రుల విషయంలోను ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో రాయమని మీరు అడిగారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఆరో తరగతితోనే గడిపినదాన్ని కాబట్టి తెలిసినంత మేరకు రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. ఆరో తరగతిలో చేరిన పిల్ల నిలదొక్కుకోవడం ఆ పిల్ల తెలివితేటల మీద కంటే, ఆ ఇంటివారు భయపడకుండా మాట్లాడగలిగే మనిషి బడిలో ఒక్కరైనా ఉన్నారా లేరా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. ఈ సంవత్సరం ఆ మనిషి మీరే కావాలి.

ఊరి బడిలో ఐదో తరగతి వరకు ఒకరిద్దరు ఉపాధ్యాయుల దగ్గరే చదివిన పిల్లలకు ఇక్కడ గంట కొట్టినప్పుడల్లా కొత్త ముఖం ఎదురవుతుంది. ఒక్కొక్క సబ్జెక్టుకు ఒక్కొక్కరు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పద్ధతి, ఒక్కొక్క నోటుపుస్తకం. రాష్ట్ర సిలబస్‌లో హిందీ అక్షరాలు ఆరో తరగతిలోనే మొదలవుతాయి. అయితే కాన్వెంటులో చదివి వచ్చిన పిల్లలకు అవి అప్పటికే వచ్చి ఉంటాయి గనుక, మొదటి వారంలోనే తరగతి రెండు ముక్కలవుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లీషు పాఠాలు మరో బరువు. మొదటి నెలంతా ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పినా ఒప్పుకోవాలని తోటి ఉపాధ్యాయులతో ముందుగానే మాట్లాడి ఉంచండి. లెక్క తెలిసి కూడా భాష తెలియక నోరు మెదపని పిల్లను తెలివితక్కువదిగా జమకడితే, ఆ ముద్ర పదో తరగతి దాకా వదలదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో ఓర్పు గలవారిని, వీలైతే అదే ఊరి నుంచి అదే బస్సులో వచ్చేవారిని ఎంచి, ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు చిన్నవాళ్ళను అప్పగించండి. మరుగుదొడ్లు ఎక్కడున్నాయో, మంచినీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో, ఏ టీచరుగారు ఏమి ఆశిస్తారో వాళ్ళు చెప్పినంత బాగా మనం చెప్పలేము. ఈ వయసులోనే మొదటిసారి రజస్వల అయ్యే ఆడపిల్లలు ఉంటారు కాబట్టి, ఎవరి దగ్గరకు వెళ్ళాలో, కావలసినవి ఎక్కడ దొరుకుతాయో మొదటి వారంలోనే ఆడపిల్లలందరికీ విడిగా చెప్పి ఉంచండి.

ఇక ప్రవేశాల రిజిస్టరు. దీన్ని గుమాస్తా పని అనుకోవద్దని నా మనవి. పదో తరగతి మెమోలో అచ్చయ్యే పేరు, పుట్టిన తేదీ మన రికార్డుల నుంచే వెళ్తాయి, ఒకసారి అచ్చయ్యాక వాటిని దిద్దించుకోవడానికి కూలినాలి చేసుకునే కుటుంబం ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగాలో మీకు తెలియనిది కాదు. టీసీ, ఆధార్, జనన ధ్రువపత్రం మూడూ పక్కపక్కన పెట్టి, ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చదివి వినిపించి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోమని చెప్పండి.

అదే రిజిస్టరులో కులం, మతం అనే గడులు కూడా ఉన్నాయి. ఇక్కడ చాలా మెలకువ కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బీసీ-సీ వర్గంలో ఉంచి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అందుచేత చర్చిలో జ్ఞానస్నానమప్పుడు పెట్టిన పేరు ఒకటి, రికార్డులో పేరు మరొకటి ఉన్న పిల్లలు మీకు తప్పక ఎదురవుతారు. తల్లిదండ్రులు చూపిన ధ్రువపత్రంలో ఏముందో అదే రాయించండి. దాని మీద వ్యాఖ్యానం గాని, ధర్మోపదేశం గాని అక్కడ తగదు. స్కాలర్‌షిప్ జాబితాల కోసం తరగతిలో కులాల పేర్లు పిలిచి పిల్లల చేత చేతులెత్తించే అలవాటు చాలా బడుల్లో ఉంది. పదకొండేళ్ళ పిల్ల ఆ క్షణం నుంచి తన పక్కన కూర్చున్నవారిని మరోలా చూడడం మొదలుపెడుతుంది కాబట్టి, ఆ వివరాలను తల్లిదండ్రుల దగ్గరే విడిగా తీసుకోండి.

మన బడిలో పిల్లలు ఎక్కువమంది కథోలికులు కారు. హిందువులు, ముస్లిములు, ఇతర సంఘాల క్రైస్తవులు మన మీద నమ్మకంతో పిల్లలను పంపుతున్నారు. చేర్పించేటప్పుడు వారి మనసులో ఒక ప్రశ్న ఉంటుంది, సీటు దొరకదేమోనన్న భయంతో దాన్ని పైకి అడగరు. అడగక ముందే మీరే జవాబు చెప్పండి. ఉదయం ప్రార్థనలో ఏముంటుందో, పెద్ద పండుగలకు దివ్యబలిపూజ (మాస్) జరిగేటప్పుడు మిగిలిన పిల్లలు ఎక్కడ ఉంటారో, కథోలిక పిల్లలకు సత్యోపదేశం, అంటే మన విశ్వాస బోధ, జరిగే పీరియడులో తక్కినవారికి నీతిబోధ తరగతి ఉంటుందని, ఆ తరగతిలో ఏమి చెబుతారో విప్పి చెప్పండి. రాజ్యాంగంలోని 30(1) అధికరణం అల్పసంఖ్యాకులమైన మనకు విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కునిచ్చింది. ప్రభుత్వ గుర్తింపు గాని ఆర్థిక సహాయం గాని పొందుతున్న విద్యాసంస్థలో, మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు, ఆరాధనకు హాజరుకమ్మనరాదని 28(3) అధికరణం చెబుతోంది. తల్లిదండ్రులకు రెండూ తెలియాలి. ఇది చట్టానికి జడిసి చేసే పని అని కూడా అనుకోనక్కరలేదు. ప్రపంచ కథోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటన, పిల్లలకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. అకథోలికులు కూడా చదువుకునే మన బడులు తిరుసభకు, అంటే కథోలిక సంఘానికి, ఎంతో ప్రియమైనవని ఆ ప్రకటనే అంటోంది. అలాంటప్పుడు బొట్టు, గాజులు, తలకు కట్టుకున్న వస్త్రం, చేతికున్న తాడు గురించి గేటు దగ్గర పిల్లలను నిలదీయడం మన బాట కాజాలదు.

దీక్షల కాలం ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. కార్తీకంలో అయ్యప్ప మాల, వేసవి సెలవులకు ముందు హనుమాన్ మాల వేసుకుని పిల్లలు యూనిఫారం లేకుండా వస్తారు. 2024 ఏప్రిల్‌లో తెలంగాణలోని మంచిర్యాల జిల్లాలో హనుమాన్ దీక్షా వస్త్రాల విషయమై మొదలైన గొడవ ఒక కథోలిక పాఠశాల మీద దాడి దాకా వెళ్ళింది. మాల వేసే ముందు ఒక చీటీ రాసి పంపితే చాలునని, ఆ రోజుల్లో యూనిఫారం మినహాయింపు ఉంటుందని జూన్ సమావేశంలోనే ప్రకటించండి. తెలియక వచ్చిన పిల్లవాణ్ణి లోపల కూర్చోబెట్టి, ఆ తరువాతే ఇంటికి ఫోన్ చేయండి. పిల్లవాడు బయట నిలబడితే విషయం వీధిలో పడుతుంది, అప్పుడు దానికి సమాధానం చెప్పుకోవడం మన చేతుల్లో ఉండదు.

తల్లిదండ్రుల సమావేశం వేళ గురించి కూడా ఆలోచించాలి. పనిదినాన పదకొండు గంటలకు పెట్టిన సమావేశానికి రావాలంటే మిరప తొడిమలు తీసే పనికి వెళ్ళే తల్లి ఆ పూట కూలి వదులుకోవాలి. ఆదివారం పూజ తరువాత పెడితే కథోలికులకు అనుకూలమే గాని, మిగిలినవారు తమకు సంబంధం లేని చోటికి వచ్చామన్నట్టు ముడుచుకుపోతారు. సాయంత్రం పొద్దుగూకే వేళ, వీలైతే పిల్లలు ఎక్కువగా వచ్చే ఊళ్ళోనే, సామాజిక భవనంలో గాని బడి వరండాలో గాని కూర్చోవడం మేలు. అక్కడ కుర్చీలు మనకు, చాపలు వారికి అన్న తేడా ఉండకూడదు. ఏడాది పొడవునా ఏ నెలలో ఏ ఖర్చు వస్తుందో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఫీజు ఆలస్యమైతే పెద్దవాళ్ళతోనే మాట్లాడాలి, పిల్ల పేరు తరగతిలో చదవకూడదు. ఇంగ్లీషు సర్క్యులర్లు చదవలేని ఇళ్ళకు వాట్సాప్‌లో మీ గొంతుతో తెలుగులో చెప్పి పంపితే వింటారు, తిరిగి తమ గొంతుతో జవాబిస్తారు. బడి నుంచి ఫోన్ వచ్చిందంటే పిల్ల ఏదో తప్పు చేసిందనే మన ఊళ్ళలో అనుకుంటారు. అందుకని మొదటి ఫోన్ ఫిర్యాదు కోసం చేయకండి. జూన్ ముగిసేలోపు ప్రతి ఇంటికీ ఒకసారి ఫోన్ చేసి, పిల్లలో మీరు చూసిన ఒక మంచి విషయం, అది నిజంగా చూసినదై ఉండాలి, చెప్పి పెట్టేయండి. తరువాత ఎప్పుడైనా కష్టమైన మాట చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఇల్లు మీ మాట వింటుంది.

బోర్డింగు పిల్లలు మొదటి వారాల్లో రాత్రిపూట ఏడుస్తారు. తల్లి గొంతు వింటే బెంగ ఎక్కువవుతుందని ఫోన్ ఆపేసే పద్ధతి పాతది. నిర్ణీత సమయానికి ఫోన్ వస్తుందని తెలిసిన పిల్ల ఆ సమయం వరకు ఓర్చుకుంటుంది, రాదని తెలిసిన పిల్ల అన్నం మానేస్తుంది.

దండన విషయంలో ఒక్క మాట. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నే గాక మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది గనుక మనకు వెసులుబాటు ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పిల్లల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే చట్టాలు వేరే ఉన్నాయి, అవి లేకపోయినా దేవుడు మనకిచ్చిన పిలుపు ఉంది. 1098 బాలల సహాయవాణి సంఖ్యను తరగతి గోడ మీద రాయించి, అది ఎందుకో పిల్లలకు చెప్పండి.

చివరిగా, జూన్ శ్రద్ధ జనవరి దాకా నిలవాలి. మన ప్రాంతంలో మిరప కోతలు సంక్రాంతి నుంచి ఊపందుకుంటాయి. చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయినవారు, కూలికి వెళ్ళినవారు, తల్లిదండ్రులతో వేరే ఊరికి కదిలినవారు హాజరుపట్టీలో ఒక్కొక్కరుగా తగ్గుతారు. వరుసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు సాయంత్రం మీరో, అదే ఊరి ఉపాధ్యాయులో వెళ్ళి రావాలి. కోతల కాలానికి ఆ పిల్లను బోర్డింగులో ఉంచుకునే వీలుందేమో మదర్‌గారితోను, కరస్పాండెంట్ ఫాదర్‌గారితోను డిసెంబరులోనే మాట్లాడండి. క్రిస్మస్ సెలవులకు ముందే తల్లులకు ఆ సంగతి తెలిస్తే వారు తమ పనులను దానికి తగ్గట్టు చూసుకుంటారు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు