పాడుబడ్డ నాపరాళ్ల గనిలో సెప్టిక్ ట్యాంకర్లు: ఊరి బోరును కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర పల్లె. ఊరికి అర కిలోమీటరు దూరంలో వదిలేసిన నాపరాళ్ల గని ఉంది. రాత్రిళ్లు అందులో సెప్టిక్ ట్యాంకర్లు ఖాళీ చేస్తున్నారు. వానలు పడినప్పటి నుంచి పంచాయతీ బోరు నీళ్లు వాసన వస్తున్నాయి, పిల్లలకు విరేచనాలు. అడిగితే స్థలం యజమాని ‘గుంత నా పట్టాలో ఉంది, మీ బోరు అంత దూరంలో ఉంది, ఏం సంబంధం?’ అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కేసు సంగతి తర్వాత, ఈ రోజే ఆ నీళ్లు తాగడం ఆపించండి. వేరే దారి లేకపోతే బాగా మరగకాచి తాగండి.

దూరం అన్న వాదన మీ నేలలో నిలబడదు. మీ నాపరాయి, బెలుం గుహల రాయి ఒకే జాతి సున్నపురాయి. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాస్త ఆమ్లంగా మారి ఆ రాతి నెర్రెలను కరిగిస్తూ పోతుంది. బెలుంలో 3,229 మీటర్ల గుహలు అలా ఏర్పడినవే. ఇసుక నేలలో నీళ్లు వడకట్టుకుంటూ దిగుతాయి. ఇక్కడ గొట్టంలో పోసినట్టు పోతాయి, మురుగు క్రిములు చావకముందే బోరుకు చేరతాయి. 2000 మేలో కెనడాలోని వాకర్టన్‌లో పశువుల పేడలోని ఈ.కోలై (మనుషుల, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా) వానకు ఊరి మంచినీటి బావిలోకి చేరింది. 7 మంది చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. అక్కడా కింద ఉన్నది నెర్రెలిచ్చిన సున్నపురాయే.

పట్టా వాదనా చెల్లదు. 1974 నీటి కాలుష్య చట్టం ‘ప్రవాహం’ అనే మాటలో భూగర్భ జలాన్నీ చేర్చింది. సెక్షన్ 24 ప్రకారం తెలిసి కాలుష్యాన్ని అందులోకి వదలడమే కాదు, వదలనివ్వడం కూడా నిషిద్ధం. అంటే ట్యాంకర్ వాళ్లతో పాటు యజమానీ జవాబు చెప్పాలి.

ఇలాంటి కేసులు ఎక్కువగా సాక్ష్యం దగ్గరే దెబ్బతింటాయి. ‘నీళ్లలో బ్యాక్టీరియా ఉంది’ అన్న రిపోర్టు చాలదు. సున్నపురాయి నీళ్లలో ఇనుము, గంధకం, అమ్మోనియా మీద బతికే సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి, వాటిలో చాలావాటితో మనకు హాని లేదు. ఎదుటి లాయరు అదే పట్టుకుంటాడు. అందుకే ఈ.కోలై పరీక్షే అడగండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో అది అసలు కనిపించకూడదు. నైట్రేట్ కూడా చూపించండి, పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. కానీ అది ఎరువుల నుంచీ వస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడొద్దు. శాంపిల్ మీరు సీసాలో పట్టి తీసుకెళ్తే విలువ తగ్గుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ సిబ్బంది చేత, పంచాయతీ కార్యదర్శి ఎదుట, క్లోరిన్ కలపకముందు, శుభ్రం చేసిన సీసాలో పట్టించండి. అది చల్లగా ఉంచి 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. వాన పడిన వెంటనే ఒకసారి, ఎండ కాసిన రోజుల్లో ఒకసారి పట్టిస్తే గనికీ బోరుకూ లింకు ఉందన్న వాదన బలపడుతుంది.

త్వరగా ఆపించడానికి ఆర్‌డీఓ దగ్గరకు వెళ్లండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఇలాంటి ఉపద్రవాన్ని ఆపమని ఆయన షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. అదే రోజు కాలుష్య నియంత్రణ మండలికీ రాసి, ముట్టినట్టు రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నైలో ఉంది. నష్టపరిహారం కోరకపోతే ఫీజు 1,000 రూపాయలే. గడువు మాత్రం మర్చిపోవద్దు: వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారానికైతే 5 ఏళ్లు. కాబట్టి ట్యాంకర్లు ఎప్పటి నుంచి వస్తున్నాయో ఊళ్లో కనుక్కుని ఇప్పుడే రాసిపెట్టండి. రాత్రిపూట డ్రైవర్లతో గొడవకు దిగొద్దు. బండి నంబరు కనిపించేలా ఫోటో తీసి, ఎడిట్ చేయకుండా అదే ఫోనులో ఉంచండి.